నడివేసవిలో గడ్డకట్టిన వడియాలు

పల్నాడులో తమ గుమ్మడి వడియాలకు ఎంత పేరుందో తమ తెలివికీ అంత పేరుందని బొంతల వారు చెప్పుకునేవారు. ఇంట్లో ముగ్గురే. తనకంటే తమ్ముడు పున్నారావు తెలివైనవాడని కోటిలింగం అనేవాడు. కాదు, అన్నయ్యేనని పున్నారావు అనేవాడు. ఇద్దరినీ కాసుకునే తెలివి తనదని కోటిలింగం భార్య నాంచారమ్మ నమ్మకం.

మే నెల. డాబా మీద పాత చీరల నిండా ఊళ్ళో ఒకరింటి పెళ్ళికోసం పెట్టిన వడియాలు ఎండుతున్నాయి. సాయంత్రం వంటమేస్త్రి గురవయ్య వచ్చి పట్టుకెళ్ళాలి. ఇందులో మాట పోయిందంటే ఇక ఆ చుట్టుపక్కల ఎవరూ వాళ్ళచేత వడియాలు పెట్టించరు. అందుకే నాంచారమ్మ ప్రాణమంతా డాబా మీదే ఉంది.

భోజనాలయ్యాక టీవీ పెట్టారు. ఏదో సినిమా. సముద్రాలు గడ్డకడుతున్నాయి, ఊళ్ళు మంచులో కూరుకుపోతున్నాయి. కళ్ళజోడు శాస్త్రవేత్త ఒకాయన ఇటు తిరిగి, కాసేపట్లో ప్రపంచమంతా గడ్డకడుతుందనీ, బయటికి రావద్దనీ, మంచు తగిలితే నిప్పులా కాలుతుందనీ చెప్పాడు. ఎవరితో అంటున్నాడని నాంచారమ్మ అడిగింది. పున్నారావు ఆ మూలకీ ఈ మూలకీ జరిగి చూశాడు.

"మనతోనే వదినా. నేనెటు జరిగితే అటే చూస్తున్నాడు."

ఇంకేముంది, తలుపులు మూశారు, ఫ్యాను ఆపారు, రగ్గులు కప్పుకుని పొయ్యి రాజేశారు. కాసేపటికి ముగ్గురి ఒంటినుంచీ నీళ్ళు కారసాగాయి. లోపల పేరుకున్న మంచు కరుగుతోందని కోటిలింగం తేల్చాడు. అంతే, ఇంకో రెండు కట్టెలు ఎగదోశారు.

అప్పుడు గుర్తొచ్చాయి నాంచారమ్మకు వడియాలు. బయటికి వెళ్ళకూడదు, వెళ్ళకపోతే పరువు దక్కదు. ఇంతలో ప్రకటనలు వచ్చాయి. తెరమీద ఒకమ్మాయి ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. మంచు ఆగింది, మళ్ళీ పడేలోగా పదండంటూ నాంచారమ్మ పరుగెత్తింది. డాబా మీద అడుగు పెట్టగానే పున్నారావు గెంతాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. శాస్త్రవేత్త చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు అతనికి మహా సంతోషమైంది.

వడియాలు కిందికి తెచ్చారు. నాంచారమ్మ ఒకటి నేలకేసి కొట్టింది. టంగుమంది.

"మొన్న పెట్టినప్పుడు మెత్తగా ఉన్నాయండీ. ఇవాళ చూడండి, రాళ్ళు," అంది మొగుడితో.

"గడ్డకట్టాయి," అన్నాడు కోటిలింగం.

తెరమీద శాస్త్రవేత్త ఎవరివో కొంకర్లు పోయిన చేతులు వేడినీళ్ళలో ముంచుతున్నాడు. అంతే, గంగాళంలో వేణ్ణీళ్ళు పోసి వడియాలన్నీ అందులో కుమ్మరించారు. కాసేపటికి మెత్తబడ్డాయి. గండం గడిచిందని నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది.

గురవయ్య రానే వచ్చాడు. గంగాళంలో చెయ్యి పెట్టి గుప్పెడు ముద్ద తీశాడు. రగ్గుల్లో ఉన్న ముగ్గురినీ చూశాడు, పొయ్యిని చూశాడు. నాంచారమ్మ జరిగిందంతా గర్వంగా చెప్పింది. ఆయన ముద్దను మళ్ళీ గంగాళంలో వేసి చెయ్యి తుడుచుకున్నాడు. చివరికి, రేపు సాయంత్రానికి ఎండినవి చేతికివ్వకపోతే వేరే ఊరినుంచి తెప్పించుకుంటానన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు.

"తల్లీ, మంచి ఎండ చూసి పెట్టు."

కోటిలింగం తలుపు సందులోంచి చూశాడు. వీధంతా ఎండే. కానీ దాన్నెలా నమ్మడం? ఏ క్షణాన మంచు పడుతుందో. ఈలోగా తెరమీద సినిమా చివరికొచ్చింది. మంచంతా కరిగి, లోకం మీద సూర్యుడు భగభగలాడుతున్నాడు.

మంచి ఎండంటే ఇదీ అంది నాంచారమ్మ. ఇంకేముంది, టీవీ ముందు చీరలు పరిచి, ఆ ముద్దంతా మళ్ళీ వడియాలు పెట్టారు. కాకులు రాకుండా ఆమె కర్ర పట్టుకు కూర్చుంది. అంతలో ఇంకో సినిమా వేశారు. మొదలవుతూనే జోరున వాన. ముగ్గురూ గొడుగులు తెరిచి వడియాల మీద పట్టారు.

"కాస్త ఇటు వంచండీ," అంది నాంచారమ్మ, "జల్లు కొడుతోంది."