గాలి మిషను అడుగున నీళ్ళు

పేర్రాజుగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. "ఇప్పుడు ఏ పని మీద బయల్దేరావు?" అంటారు. అడిగినవాడు ఏ పని చెప్తే ఆ పనికి, గొడుగు చంకన పెట్టుకుని, తానూ తోడు బయల్దేరతారు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన దగ్గర భాగవతం చదువుకునేవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. తెలిసినా ఆ రోజు వెంకటరత్నానికి మాత్రం ప్రాణం విసిగింది. అతని గొడవ అలాంటిది మరి.

వెంకటరత్నం పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని, ఎవరు ఎన్ని కేకలేసినా నవ్వుతూనే రిటైరైన మనిషి. నోరు జారడని వీధంతా పేరు. ముందటి వారం, ఇంటి పక్క కారు షెడ్డులోకి ఒక పాత గాలి మిషను కొంటానని భార్యతో అన్నాడు. టైర్లకి ఇంట్లోనే గాలి కొట్టుకోవచ్చు, దుమ్ము ఊదుకోవచ్చు అని అతని సరదా. "ఆ షెడ్డులో కాలు పెట్టే చోటే లేదు, మళ్ళీ ఇదొకటా?" అంది మంగతాయారు. అంతే. అంత చిన్న మాటకి అతని నోట్లోంచి ఏమేమి వచ్చాయో! పెళ్ళినాటి మర్యాదల లోటు, ఆవిడ తమ్ముడు ఎప్పుడో అన్న మాట, పెద్దమ్మాయి పురిటినాటి సంగతి, అన్నీ. ఆవిడ ఏడవలేదు. తెల్లబోయి చూసి, "ఇదంతా లోపల పెట్టుకునేనా ఇన్నేళ్ళూ నాతో నవ్వారు? అందులో ఏ నవ్వు నిజమో నాకెలా తెలియాలి?" అని, సంచీ సర్దుకుని సామర్లకోటలో అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే తీయడం లేదు.

"గురువుగారూ, నేను చెడ్డ మాట చెవిని వేసుకోను. తెల్లవారుతూనే పారాయణ చేస్తాను. లోపలికి పోయేదంతా మంచే. మరి ఆ విషం ఎక్కణ్ణించి వచ్చిందండీ? అది తెలిస్తే గాని ఆవిడ మొహం చూడలేను."

"ఇప్పుడు ఎక్కడికి బయల్దేరావు?" అన్నారు పేర్రాజుగారు.

ఇంకెక్కడికి, ఆ మిషను బేరానికే. చూడ్డానికి వస్తానని మాటిచ్చేశాడు.

పాతసామాన్ల నూకరాజు కొట్టులో రెండు మిషన్లున్నాయి. ఒకటి ఎర్రరంగుతో నిగనిగలాడుతోంది. పోయిన దసరా ఆయుధపూజకి పెట్టిన పసుపూ కుంకుమా పొట్ట మీద ఇంకా అలాగే ఉన్నాయి. రెండోది పెచ్చులూడి, ఎవరో వద్దని వదిలేసినట్టు మూలన పడుంది. నూకరాజు స్విచ్చి వేయగానే ఎర్రమిషను హోరుమంది, గాలి ఒత్తిడి చూపే ముల్లు గబగబా పైకెక్కింది. "ఎంత ముద్దుగా చూసుకున్నారో దీన్ని!" అని వెంకటరత్నం మురిసిపోయాడు.

పేర్రాజుగారు మాత్రం గొడుగు ఊతంగా కిందికి వంగి చూస్తున్నారు. "పొట్ట అడుగున ఇదేమిటి నాయనా?"

"నీళ్ళు తీసే కుళాయండి."

"గాలి మిషన్లో నీళ్ళేమిటయ్యా!" అని నవ్వాడు వెంకటరత్నం.

మిషను ఆపి, గాలి చాలావరకు వదిలేసి, నూకరాజు కుళాయి పట్టుకున్నాడు. అది కదల్లేదు. దాని మీదుగా రంగు వేసేశారు. రెంచితో తట్టి తిప్పితే, బుస్సుమని ఎర్రటి నీళ్ళు చిమ్మాయి. వాటి వెంట తుప్పు పెచ్చులు. వెంకటరత్నం పంచె ఎత్తిపట్టుకుని వెనక్కి గెంతాడు. నూకరాజు పొట్ట మీద తట్టాడు. పైన గంటలా మోగింది, అడుగున చప్పగా పలికింది. అతని మొహం మాడిపోయింది. "ఇది ఇంట్లో పెట్టుకునేది కాదు బాబూ. అడుగంతా తుప్పు తినేసింది. ఏ రోజో పగులుద్ది."

తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. దాని కుళాయి వేళ్ళు తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది, వేలు వేయగానే తిరిగింది. నాలుగు చుక్కలు రాలాయి. వెంకటరత్నం తనకి తెలియకుండానే కింద అరచెయ్యి పట్టాడు. తేటగా ఉన్నాయి.

"దీన్లోనూ నీళ్ళేనా?" అతనికి అంతా అయోమయంగా ఉంది. "ఎవరు పోశారు? నింపింది గాలే కదా!"

"ఎవరూ పొయ్యరండీ. సముద్రం ఊరు, గాలిలోనే చెమ్మ ఉంటాది. నొక్కితే నీరైపోద్ది. దీని ఓనరు ఏ రోజుది ఆ రోజు తీసేసేవోడు."

వెంకటరత్నం అరచేతిలోని చుక్కల్ని చూసుకున్నాడు. గురువుగారి వైపు తిరిగి, "లోపలున్నది బయటికి తీసినందుకేగా అండీ ఆవిడ వెళ్ళిపోయింది. మళ్ళీ తియ్యమంటారా?" అన్నాడు.

"ఏళ్ళ తరబడి నిలవున్న ఆ నీళ్ళకి వెనక్కి గెంతావు. ఏ రోజుది ఆ రోజు తీసిన ఈ నీళ్ళకి చెయ్యి పట్టావు," అన్నారు ఆయన.

"ఈ పాతదాన్ని బండెక్కించమంటారా?" అన్నాడు నూకరాజు.

"ఉంచవయ్యా. ఇంట్లో అడిగి చెప్తాను." ఆ మాట ఎందుకన్నాడో వెంకటరత్నానికే సరిగ్గా తెలియలేదు. ఇంట్లో ఎవరున్నారని?

పేర్రాజుగారు గొడుగు విప్పి రోడ్డు వైపు చూశారు.

"సామర్లకోట బస్సు ఈ మలుపులోనే ఆగుతుంది కదూ?"