పట్టుజాకెట్టు బహుమతి

చీరాలలో కుట్టుపని నేర్పే భ్రమరాంబ మంచి పనిమంతురాలే గానీ, తన పనిలో ఎవరైనా తప్పు వేలు పెట్టి చూపిస్తే మాత్రం ఓర్చుకోలేకపోయేది.

ఆవిడ జాకెట్లు కుట్టడం మీద ఒక పుస్తకం రాసింది. తన దగ్గరికి రాలేని ఆడవాళ్లు ఇంట్లోనే చదువుకుని, మిషను తొక్కుకుని నాలుగు మెతుకులు తినాలని ఆవిడ కోరిక. పుస్తకం చివర ఒక మాట కూడా అచ్చు వేయించింది. కొలతల్లో గానీ, పద్ధతిలో గానీ తప్పు చూపించినవాళ్లకి పట్టుజాకెట్టు ఊరికే కుట్టి ఇస్తానని.

మొదట వచ్చింది ఆవిడ దగ్గర నేర్చుకునే షకీలాయే. చేతి కొలత ఒకచోట తప్పు పడిందనీ, అలా కోస్తే చెయ్యి దూరదనీ మెల్లిగా చెప్పింది. భ్రమరాంబ టేపు పెట్టి చూసుకుంది. నిజమే. ఇచ్చిన మాట తప్పకుండా జాకెట్టు కుట్టింది. కానీ ఇచ్చేటప్పుడు అందరి ముందూ అంది.

"తీసుకోమ్మా. దీనికోసమేగా, తలలో పేలు చూసినట్టు నా పుస్తకమంతా చూశావు."

అందరూ నవ్వారు. షకీలా తల దించుకుంది. ఆ తర్వాత తప్పు ఉందంటూ ఇంకెవరూ రాలేదు. ఇక తన పుస్తకానికి వంకే లేదని భ్రమరాంబ పొంగిపోయింది. మళ్లీ అచ్చు వేయమని ప్రెస్సువాళ్లకి చెప్పింది.

అంతలో ఒకరోజు అద్దంకి వైపు నుంచి కోటేశ్వరి అనే ఆవిడ పెద్ద సంచీతో వచ్చింది. ఈ పుస్తకం చూసే పని నేర్చుకుని, కొత్తగా మిషను పెట్టుకుంది. వాళ్ల ఊళ్లో పెళ్లివారు నమ్మి ఇంట్లో ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమెకే కుట్టమని ఇచ్చారు. ఒక్క ఉతుకుతో జాకెట్లన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. వాళ్లు తెచ్చి గుమ్మంలో పడేసి, బాగుచేసి ఇవ్వకపోతే ఊళ్లో ఎవరూ నీకు గుడ్డముక్క ఇవ్వకుండా చేస్తామని చెప్పి వెళ్లారు.

"తప్పు నాదే అయ్యుంటుందండీ. ఎక్కడ చేశానో చెప్పండి, దిద్దుకుంటాను," అంది కోటేశ్వరి.

భ్రమరాంబ సంచీలోంచి ఒక జాకెట్టు తీసి తిరగేసి చూడగానే పోల్చుకుంది. "లోపల వేసే లైనింగు గుడ్డ ముందు తడిపి, ఆరాక కోశావా? లేకపోతే ఉతగ్గానే అది ముడుచుకుపోతుంది."

"తడపాలాండీ? పుస్తకంలో లేదే."

లేకపోవడమేమిటని భ్రమరాంబ పుస్తకం తీసి చూసింది. లేదు. రోజూ పొద్దున్నే బకెట్లో లైనింగు గుడ్డ నానేసే మనిషి, చేతికి అలవాటైపోయిన పని కదా, రాయడమే మరిచిపోయింది. నేర్చుకునేవాళ్ల వైపు తిరిగి, మీలో ఒక్కరూ చూడలేదా అని అడిగింది. షకీలా నోరు విప్పింది.

"చూశాం టీచరుగారూ. చెబితే మీరు జాకెట్టు కుట్టి ఇస్తారు. దాంతోపాటు ఒక మాట కూడా అంటారు. జాకెట్టయితే పెట్లో దాచుకోవచ్చు, ఆ మాటని ఎక్కడ దాచుకోమంటారు?"

భ్రమరాంబ పుస్తకం మూసి పక్కన పెట్టింది. కోపం వస్తుందేమోనని అందరూ బెదిరారు. రాలేదు. ఆవిడ షకీలా పక్కన చాప మీద కూర్చుని, "ఆ రోజు అలా అనాల్సింది కాదమ్మా," అంది. తర్వాత ప్రెస్సుకి కబురు పెట్టి అచ్చు ఆపించింది. తక్కిన తప్పులు కూడా చెప్పమని అడిగింది. ఒక్కొక్కరే చెబుతుంటే మొహం మాడినా, నోరు మాత్రం మెదపలేదు.

కోటేశ్వరి జాకెట్ల పాత లైనింగు అందరూ కలిసి విప్పారు. తడిపి ఆరేసిన కొత్తది వేసి కుట్టి ఇచ్చారు. పెళ్లివారు ఉతికి చూసుకుని, మళ్లీ గుడ్డలు పట్టుకుని ఆమె గుమ్మానికే వచ్చారు.

నీతి: తప్పు చూపినవాళ్లకి బహుమతి ఇస్తే సరిపోదు, వాళ్ల మాటని మంచి మనసుతో వినాలి. అలా వినకపోతే చెప్పేవాళ్లు మానుకుంటారు, తప్పు మాత్రం అలాగే ఉండి, పాపం ఎరగనివాళ్ల మీద పడుతుంది.