తలుపు వద్దన్న తుమ్మగింజ

ఒకప్పుడు తుమ్మగింజకు తోలు ఉల్లిపొరంత పలచన. కాస్త తడి తగిలితే చాలు, ఆగేది కాదు, మొలిచేసేది.

ఒక ఏడాది నడి ఎండాకాలంలో అదను తప్పిన వాన ఒకటి కురిసింది. గింజలన్నీ సంబరపడి మొలిచాయి. మర్నాడే ఎండ మండిపోయింది, మొలకలన్నీ మాడిపోయాయి. రాతిసందులో ఇరుక్కున్న కాయలో ఒకే ఒక్క గింజ మిగిలింది. అక్కల్లేరు, చెల్లెళ్లు లేరు. పాపం, దానికి వానంటేనే భయం పట్టుకుంది.

"నేలతల్లీ, నాకో గట్టి ఇల్లు కట్టియ్యవా?" అని ఏడ్చింది.

"కడతాలే. తలుపు ఎటువైపు పెట్టమంటావు?"

"తలుపే వద్దమ్మా! తలుపుంటేనే కదా వాన వచ్చి మోసం చేసేది!"

నేలతల్లి నిట్టూర్చి, దానికి రాయిలాంటి పెంకు తొడిగింది.

తొలకరి వచ్చింది. ఈసారి నిజం వాన. "లేవే పిల్లా, నేనొచ్చా!" అని పెంకు మీద టపటపా కొట్టింది. గింజ గొంతు చించుకుని అరిచింది. ఒక్క మాటా బయటికి పోలేదు. పక్కన గడ్డి మొలిచింది, పూసింది, ఎండింది. వాన వెళ్లిపోయింది. తెలివితక్కువ గింజ! ఆ చీకట్లో దానికి ఏడుపు తప్ప తోడు లేదు.

మళ్లీ ఎండాకాలంలో తిప్పమ్మ మేకలను తోలుకొచ్చింది. పిల్లాజెల్లా లేని మనిషి, మేకలతోనే మాట్లాడుకునేది. ఆమె మేక ఒకటి సందులోంచి కాయను లాగి మింగేసింది. సాయంత్రం దొడ్లో పడుకుని నెమరు వేస్తుంటే గింజ పళ్లకిందికొచ్చింది. కరకర, కరకర!

పెంకు మీద గీత పడింది. "అయ్యో, నొప్పి!" అన్న కేక ఆ గీతలోంచి బయటికొచ్చేసింది.

మేక ఉలిక్కిపడింది. "గింజవా! రాయేమో అనుకున్నానే. ఉండు, ఉమ్మేస్తా."

"వద్దు వద్దు! ఎన్నాళ్లకో ఒకరు నన్ను తాకారు. ఇంకొక్కసారి కొరుకు, మేకక్కా!"

మేక ఇంకోసారి కొరికి, దొడ్డి కంచె పక్కన ఉమ్మేసింది.

తొలకరి మళ్లీ వచ్చింది. వాన తడి ఆ గీతలోంచి మెల్లగా లోపలికి దిగింది. "వచ్చావా!" అంటూ గింజ మొలిచింది.

తిప్పమ్మ ఆ మొలకను చూసి, మేకలు మేయకుండా చుట్టూ కంప పెట్టింది. "ఒక్కదానివే వచ్చినావా? నేనూ ఒక్కదాన్నే లేమ్మా" అంది.

అప్పటినుంచే తుమ్మగింజ ఒంటిమీద గీత పడనిదే తొందరగా మొలవదు. మేకైనా కొరకాలి, మనమైనా గరుకురాయి మీద రుద్దాలి. ఎవరూ తాకని గింజలు రాతిసందుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాన కురిసినప్పుడల్లా "నేనిక్కడున్నా" అని లోపలినుంచి అరుస్తాయి. వానకు వినబడదు.