రాజుగారి వాలురాత

ఒకానొక రాజ్యాన్ని చండకేతుడనే రాజు ఏలేవాడు. ఆయన ఏలినదానికన్నా రాసిందే ఎక్కువ. అక్షరాలన్నీ కుడిపక్కకు వాలి, తలకట్లు తీగల్లా సాగి ఒకదాన్నొకటి పెనవేసుకునే వాలురాత ఒకటి సొంతంగా కల్పించాడు. చూస్తే కన్ను తిప్పుకోబుద్ధి కాదు. చదవబోతే మాత్రం చెమటలు పట్టేవి. ఇకమీదట ఎవరేది రాసినా ఆ రాతలోనే రాయాలని, నిలువురాత రాసినవాడి బొటనవేలు తీయిస్తానని చాటింపు వేయించాడు.

ఇంతలో ఊరి బయట వాగు మీద వంతెన కూలింది. ఆస్థాన లేఖకుడు ఓబన్న, జనం వాగులో పడిపోతారన్న భయంతో "వంతెన కూలింది, ఆగండి" అని పెద్ద పెద్ద నిలువు అక్షరాలతో పలక పెట్టాడు. భటులు అతణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు.

"పొద్దుగూకేసరికి వీడి వేలు తీసెయ్యండి," అన్నాడు రాజు.

ఓబన్న బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. ఆ వేలే అతని బతుకు. సభలో అందరూ తలలు దించుకున్నారు. మంత్రి పేరయ్య ఒక్కడే లేచాడు.

"తమ ఆజ్ఞ ప్రభూ. అయితే అక్కడ బాట రెండుగా చీలుతుంది. కూలిన వంతెన దారికొకటి, మంచి దారికొకటి, రెండు పలకలు తమ చేత్తోనే రాసివ్వండి. ఓబన్న పలక పీకించి ఇప్పుడే పాతిస్తాను. తమరు వచ్చి కళ్ళారా చూసుకున్నాకే శిక్ష."

రాజు పొంగిపోయి అప్పటికప్పుడే రాసిచ్చాడు.

సాయంత్రం రథం బయలుదేరింది. పగ్గాలు పేరయ్యే పట్టాడు. రాజు ఎప్పుడూ తెరలు దించిన పల్లకీలో తిరిగినవాడు, ఆ బాటలు ఎరగడు. చీలిక కనబడగానే పేరయ్య గుర్రాలను అదిలించాడు.

"అదిగో నా పలకలు! ఆ తలకట్టు వంపు చూశావటయ్యా!"

"చూశాను ప్రభూ. ఎడమకా, కుడికా?"

"ఏమిటీ?"

"ఏ దారి మంచిదో చదివి చెప్పండి. గుర్రాలు జోరు మీదున్నాయి!"

రాజు కళ్ళు చిట్లించాడు. రెంటి మీదా అవే తీగలు, అవే మెలికలు. వాగు హోరు దగ్గరవుతోంది.

"ఎడమ... కాదు, కుడి... ఉండవయ్యా, చదవనీ!"

"చదివేలోపు వాగులో ఉంటాం ప్రభూ!"

"ఆపు! ఆపవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

పేరయ్య పగ్గాలు బిగబట్టాడు. రథం పలకల ముందు ఊగిసలాడుతూ ఆగింది.

"నన్నే చంపబోయావా?" రాజు చెయ్యి కత్తి మీద పడింది.

"ఆపమన్నారు, ఆపాను. ఓబన్న కూడా జనాన్ని ఆగమనే అన్నాడు ప్రభూ. కాకపోతే పరుగులో ఉన్నవాడికి కూడా తెలిసేలా అన్నాడు."

రాజు రథం దిగాడు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి తన పలకను తానే కూడబలుక్కుని చదివాడు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఓబన్నను వదిలెయ్యండి," అన్నాడు వెంట వచ్చిన భటులతో. "శుభలేఖలకూ పొగడ్త పద్యాలకూ నా రాత. ప్రాణాల మీదికి వచ్చేచోట అతని రాత. పేరయ్యా, నీకు మంచి మాగాణి ఇస్తున్నాను. దానపత్రం నా చేత్తోనే రాస్తాను."

పేరయ్య గబుక్కున చేతులు జోడించాడు.

"అది మాత్రం ఓబన్న చేత రాయించండి ప్రభూ. ఆ పొలం ఎక్కడుందో నాకు తెలియాలి కదా!"

రాజు నవ్వు ఆపుకోలేక ఆ పలకనే పట్టుకుని కూలబడ్డాడు.