లోమడత, పైమడత

ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో కాగితాల భవనం ఉండేది. రాసేవాళ్ళు పోయాక వాళ్ళ చిత్తుప్రతులు, ఉత్తరాలు, సగంలో ఆగిన నవలలు అక్కడికి చేరేవి. వాటిని చూసుకోవడానికి ఒక కాపరి ఉండేది.

ఆ కాపరికి మూడంటే పడదు. చెదలు, చెమ్మ, మడతలు. చెదలకి వేపాకు పెట్టేది. చెమ్మకి గదికొక కుంపటి రాజేసేది. మడతలకి ఇస్త్రీపెట్టె ఉండనే ఉంది. వచ్చిన ప్రతి కాగితాన్నీ పల్చటి గుడ్డ కింద పరిచి, గోరువెచ్చటి పెట్టెతో మెల్లగా రుద్ది, చదునైన అట్టపెట్టెలో పడుకోబెట్టేది. కాగితం ఎప్పుడూ మడత దగ్గరే చిరుగుతుంది. మడత తీసేస్తే దానికి ఇంకొక మనిషి ఆయుష్షు కలిసొస్తుంది. ఈ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆమె చేతికొచ్చాక ఒక్క కాగితమూ చిరగలేదు.

ఒక వానాకాలం ఆ భవనానికి అవతలి ఒడ్డునుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గొడుగు గుమ్మం బయట ఆనించి, చీరచెంగుతో చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఈ మధ్యనే పోయిన ఒక స్నేహితురాలి పెట్టె చూడాలంది. అందులో అన్నిటికన్నా పైనున్న కాగితం ఒక్కటి చాలంది.

కాపరి పెట్టె తెచ్చింది. అన్నిటికన్నా పైన ఒకవైపే రాసిన కాగితం ఉంది. పెద్దావిడ దాన్ని చదవలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేలితో నడిమిన తడిమి చూసింది.

“దీని మడత ఏదమ్మా?” అంది.

మడతలన్నీ తీసేశానని కాపరి కాస్త గర్వంగానే చెప్పింది.

“తీసేశావా,” అంది పెద్దావిడ. “చేతిలో పని అలాగే ఉంటే నా మొహం మీదవి కూడా తీసిపెట్టు. పుణ్యం ఉంటుంది.”

తర్వాత కుర్చీలో కూలబడి, అడగకుండానే సంగతి చెప్పుకొచ్చింది.

ఆ ఏటికి వంతెన లేని రోజుల్లో, ఇద్దరూ చెరొక ఒడ్డునా కాపురాలు చేసుకునేవాళ్ళట. ఇద్దరూ కలిసి ఒక కథ రాసేవాళ్ళు. పడవవాడి కథ. ఈమె ఒక కాగితం రాస్తే, తర్వాతి కాగితం ఆమె రాయాలి. పెరుగమ్మే మనిషి పొద్దున్నే పడవెక్కి వచ్చేది. ఆమె తలమీది చుట్టకుదురులో కాగితం దూర్చి పంపేవాళ్ళు. కొన్నిసార్లు కథ మీద మీగడ మరక పడేది. ఇళ్ళనిండా జనం, పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండేది. కథకు తోడు ఇంకొక ముక్క రాసే తీరిక ఇద్దరికీ లేదు. అందుకని ఆ ముక్క మడతతో చెప్పుకునేవాళ్ళు. అక్షరాలు పైకి కనబడేలా మడిస్తే పైమడత. ‘నీ వంతు, రాయి’ అని అర్థం. అక్షరాలు లోపలికి పోయేలా మడిస్తే లోమడత. ‘ఇక వద్దు, ఆపేద్దాం’ అని. ఇన్నేళ్ళలోనూ లోమడత ఎవరూ వేయలేదు. బాలింతగా ఉన్నప్పుడు కూడా వేయలేదు.

అలాంటిది ఒకసారి స్నేహితురాలు కథలో పడవవాణ్ణి అవతలికి పంపేసి, తిరిగి రానివ్వలేదు. ఈమెకది నచ్చలేదు. కాగితంతో బదులు చెప్పకుండా, మొట్టమొదటిసారి పెరుగమ్మే మనిషితో నోటిమాటగా కబురు చేసింది. ఒడ్డు దాటేసరికి ఆ మాట ఎంత పెరిగిందో ఎవరికి తెలుసు. అక్కణ్ణుంచి కూడా ఒక నోటిమాటే వచ్చింది. తర్వాత కాగితాలు రాలేదు. వంతెన పడింది, నడిచిపోయేంత దూరమైంది. ఇద్దరిలో ఎవరూ నడవలేదు.

“అది పోయాక తెలిసింది, ఇంకొక కాగితం రాసిపెట్టుకుందని,” అంది పెద్దావిడ. “రాసింది సరే. పంపలేదు. ఎలా మడిచి పెట్టుకుందో అదే నాకు కావాలి. పైమడతైతే వెళ్ళి రాసుకుంటాను. లోమడతైతే ఇక ఆ కథ జోలికి పోను.”

కాపరి కాగితం తీసుకుని చదివింది. పడవవాడు తిరిగొచ్చాడు. రేవులో ఎవరూ లేరు. తెడ్డు పక్కన పెట్టి ఒడ్డున కూచున్నాడు. అంతే ఉంది. ‘రా’ అన్నట్టూ చదువుకోవచ్చు, ‘సరిపోయింది’ అన్నట్టూ చదువుకోవచ్చు.

కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. గీత లేదు. తనే లేకుండా చేసింది. ఇస్త్రీ చేసిన రోజు గుర్తుంది, గుడ్డ గుర్తుంది, మడత ఎటువైపు ఉందో మటుకు గుర్తు రాలేదు. ఆమెకు మడత అంటే ఎప్పుడూ ఒక్కటే, తీసెయ్యాల్సింది.

“పోనీలే,” అని పెద్దావిడ లేవబోయింది.

అప్పుడు కాపరి తనకు తెలిసిన ఒక సంగతి చెప్పింది. ఇస్త్రీ వేడికి మడత పోదు, పడుకుంటుందంతే. చెమ్మ తగిలితే కాగితం తన పాత మడత గుర్తు చేసుకుంటుంది. గదుల్లో కుంపట్లు పెట్టేదే అందుకు. ఆ మాట నోరు జారి వచ్చినందుకు ఆమె వెంటనే చింతించింది. గడప దాటిన కాగితం మళ్ళీ లోపలికి రాకూడదన్నది ఆ భవనం కట్టుబాటు. కాగితాన్ని చెమ్మలోకి తీసుకుపోవడం కుదరదు. చెమ్మనే గదిలోకి పిలవాలి. ఆ గది అరల్లో ఇంకా ఎందరెందరి కాగితాలో ఉన్నాయి.

పెద్దావిడ ఏమీ అడగలేదు. అడిగుంటే కాపరి కుదరదని చెప్పి ఉండేది.

కాపరి కాసేపు అరల కేసి చూసింది. తర్వాత కుంపటిని పట్టకారుతో ఎత్తి వరండాలో పెట్టి వచ్చింది. కిటికీ గడియ ఏళ్ళ తరబడి కదల్లేదేమో, రెండు చేతులూ కావలసి వచ్చాయి. తడిగాలి ఏటి వాసనతో లోపలికి వచ్చింది. ఇద్దరూ బల్లకి చెరోవైపూ కూచుని కాగితాన్నే చూస్తున్నారు.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత కాగితం నడిమి నుంచి కదిలింది. రెండు అంచులూ పైకి లేచాయి, అక్షరాలను లోపల దాచుకోబోయినట్టు.

పెద్దావిడ తల పంకించింది. “అనుకున్నా,” అంది.

కానీ అంచులు అక్కడే ఆగాయి. మెల్లగా దిగాయి. ఈసారి నడుం పైకి లేచింది, అంచులు కిందికి వంగాయి, అక్షరాలు పైకి వచ్చాయి. అదీ నిలవలేదు. మళ్ళీ అంచులు లేచాయి. గాలి పడిపోయాక కూడా కాగితం అటూ ఇటూ వంగుతూనే ఉంది.

కాపరి దగ్గరగా వంగి చూసింది. నడిమిన గీత ఇప్పుడు కనిపిస్తోంది. అక్కడ కాగితం అరిగి అరిగి, నూగు లేచి మెత్తబడి ఉంది. ఒకసారి మడిస్తే అలా కాదు. ఇలా మడిచి, విప్పి, అలా మడిచి, మళ్ళీ విప్పి, రోజూ అదే పనిగా పెట్టుకుంటే తప్ప.

“ఏ మడతో తేలలేదండీ,” అంది కాపరి.

పెద్దావిడ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకోవడమూ మానలేదు. “పోయేదాకా తేల్చుకోలేదన్నమాట. చీరకొట్టులోనూ అంతే చేసేది. కొట్టువాడు దీపాలార్పేస్తే గాని లేచేది కాదు.”

పెద్దావిడ కాపరిని ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, అక్కడే కూచుని రాసింది. ఎక్కువసేపు పట్టలేదు. అక్షరాలు పైకి వచ్చేలా మడిచి, స్నేహితురాలి కాగితం మీద పెట్టింది. తను రాసిందేమిటో చెప్పలేదు. గొడుగు తీసుకుని వంతెన మీదుగా నడిచి వెళ్ళిపోయింది.

కట్టుబాటు ప్రకారం కొత్త కాగితానికి ఇస్త్రీ చేయాలి. కాపరి చేయలేదు. చీకటి పడుతోందని తనకు తనే చెప్పుకుని, రెండు కాగితాలూ అలాగే పెట్టెలో ఉంచి, కిటికీ వేసి, కుంపటి లోపల పెట్టి, ఇంటికి పోయింది.

తెల్లారి వచ్చి పెట్టె తెరిచింది. స్నేహితురాలి కాగితం మడతపడి ఉంది. పెద్దావిడ కాగితం దాని మధ్యలో ఉంది, పసిపిల్లను ఒడిలో పెట్టుకున్నట్టు.

అక్షరాలు లోపలే ఉన్నాయి. దాన్ని లోమడత అందామంటే కాపరికి నోరు రాలేదు. పైమడత అసలే కాదు. రెండు కాగితాలు కలిసి పడ్డ మడతకు వాళ్ళిద్దరూ ఏ అర్థమూ పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన అవసరం రాలేదు కాబోలు.

విప్పి చూద్దామని అంచు మీద వేలు పెట్టింది. ఒక క్షణం అలాగే ఉంచి, వేలు తీసేసింది.

మూత వేయబోయింది. చదునైన కాగితాల కోసం చేసిన పెట్టె అది. మూత పూర్తిగా పడలేదు, మడత ఎత్తున కొంచెం తెరుచుకునే ఉంది. కాపరి దాన్ని నొక్కలేదు. అలాగే తీసుకెళ్ళి అరలో పెట్టింది.