ఎదుటి చాప

సుకీర్తికి పట్టుదల ఎక్కువ. కొండ మీది జైన బసదిలో చేరిన నాటి నుంచి అతనికి అనేకాంతవాదం తప్ప వేరే ధ్యాస లేదు. దేన్నీ ఒక్క వైపు నుంచి చూసి ఇంతే అని తేల్చెయ్యకూడదు, ఎవరి మాటలోనైనా ఎంతో కొంత నిజం ఉంటుంది అంటుంది ఆ వాదం. నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు.

పున్నమికి రాజుగారి సభలో వాదం పెట్టారు. అవతలి పక్షం పక్క కొండ విహారంలోని ముసలి బౌద్ధ భిక్షువు ధర్మగుప్తుడు.

"సభలో నన్ను అనేకాంతవాది అని చెప్పండి స్వామీ," అని సుకీర్తి గురువు వృషభనందిని అడిగాడు.

"చెప్పను."

"వాదమంతా నాకు కంఠతా వచ్చు కదా. ఇంకేం తక్కువైంది?"

ఆ బసదిలో వాదం నేర్చుకునేవాళ్ళకు రెండు చాపలు వేస్తారు, ఒకటి తనకు, ఒకటి ఎదుటివాడికి. ఎదుటివాడి మాటను అతనే ఔనని ఒప్పుకునేలా చెప్పాకే ఖండించాలి. అది అక్కడి కట్టుబాటు. వృషభనంది వెళ్ళి ఎదుటి చాప మీద కూర్చున్నాడు.

"నేనే ధర్మగుప్తుణ్ణి. నా మాటేమిటో చెప్పు."

"ఏదీ క్షణం కూడా నిలవదంటావు. అంటే నిన్న తిన్నవాడు వేరు, ఇవాళ అరిగించుకునేవాడు వేరు అన్నమాట," అన్నాడు సుకీర్తి నవ్వాపుకుంటూ.

"అది నా మాట కాదు."

సుకీర్తి ఇంకోలా చెప్పాడు. అదీ కాదన్నాడు గురువు. శిష్యుడికి ఒళ్ళు మండింది. వృషభనంది లేచి, చాప చుట్టి అతని చేతిలో పెట్టాడు.

"దీని మీద కూర్చోవలసినవాడు ఇక్కడ లేడు."

అదీ చూద్దాం అనుకుని సుకీర్తి చాప చంకన పెట్టుకుని కొండ దిగాడు. పక్క కొండ ఎక్కేసరికి ధర్మగుప్తుడు విహారం ముందు ఆకులు ఊడుస్తున్నాడు.

"వాదించడానికొచ్చావా నాయనా?"

"వాదించడానికేనయ్యా. కానీ ముందు మీ మాట వినాలి."

ముసలాయన చీపురు పక్కన పెట్టి, ఆ చాప మీదే కూర్చున్నాడు.

"మా తమ్ముడు పోయాక కూడా వాడి బట్టలు ఉతికి ఆరేసేవాణ్ణి, వస్తే కట్టుకుంటాడని. ఏదీ నిలవదన్న మాట చెవిన పడ్డాకే వాటిని ఇంకొకరికి ఇవ్వగలిగాను. నా మాట అంతే."

సుకీర్తి ఆయనకు దణ్ణం పెట్టి, చాప చుట్టుకుని వచ్చేశాడు.

బసదికి వచ్చి, ఎదుటి చాప పరిచి, దాని మీద తనే కూర్చున్నాడు. భిక్షువు మాటను ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇప్పుడు ఖండించు," అన్నాడు గురువు.

సుకీర్తి తన చాప మీదికి మారాడు. కంఠతా పట్టిందేదీ నోటికి రాలేదు. అయినా లేవలేదు, తల వంచుకుని అలాగే ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"ఆయన చెప్పింది నిజమే స్వామీ. బట్టలు ఇచ్చేశాడు. కానీ తమ్ముణ్ణి ఇప్పటికీ మా తమ్ముడనే అంటున్నాడు. పోయేదీ ఉంది, నిలిచేదీ ఉంది."

వృషభనంది రెండు చాపలూ తన చేత్తోనే చుట్టాడు.

"మన బసదిలో అనేకాంతవాదం ఎప్పటి నుంచో ఉంది నాయనా. అనేకాంతవాది ఇవాళ వచ్చాడు."