తెప్ప తోసిన కొర్లమ్మ

అప్పుడెప్పుడో, మా అవ్వకి పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, సముద్రం ఊరికి ఇంకా కాస్త దూరంగా ఉన్న కాలంలో, చింతరేవు పేటలో కొర్లమ్మ అనే ఆవిడ ఉండేది.

కొర్లమ్మ మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆమె చేపలు ఎండబెట్టేది, గంపకెత్తేది, ఊరూరా తిరిగి అమ్మేది. చిన్నప్పుడు ఆమె తండ్రి ఉప్పుటేట్లో తెడ్డు వెయ్యడం నేర్పాడు. కానీ ఆ పేటలో ఆడది తెప్ప ముట్టకూడదు. మొగుడు పోయిన ఆడదైతే తెప్ప నీడ కూడా తొక్కకూడదు.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. పట్నం మీద బాంబులు పడ్డాయని అందరికీ బెదురు. ఒకరోజు పొద్దున్న సముద్రం పోటు మీద ఉంది. మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. తూర్పు నుంచి ఒక పెద్ద బాంబుల విమానం పొగ కక్కుతూ వచ్చింది. కిందకి, ఇంకా కిందకి దిగి, కెరటాలు విరిగే చోటుకి అవతల నీళ్ళలో పడింది.

చూస్తుండగానే దాని ముక్కు మునిగింది. రెక్క ఒకటి తేలింది. రెక్క మీద ముగ్గురు మనుషులు చేతులు ఊపుతున్నారు.

కొర్లమ్మ గంప దించి పేట పెద్ద దానయ్య దగ్గరికి పరిగెత్తింది.

“మావా, తెప్ప దింపించు. నీళ్ళలో ఉన్నోళ్ళు మనుషులే గదా!”

“ఎవులో ఏటో! మన మీద బాంబులెయ్యడానికొచ్చినోళ్ళైతే?” అన్నాడు దానయ్య.

వలల దగ్గరున్న మగవాళ్ళని అడిగింది. “బావా, నీళ్ళలో ఉన్నోళ్ళు మనుషులే గదా!”

“ఈ పోటులో తెప్ప నిలబడదు కొర్లమ్మా,” అన్నారు వాళ్ళు.

ఆఖరికి మరిది సూరయ్య దగ్గరికెళ్ళింది. అతను తన తెప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. “సూరయ్యా, నీళ్ళలో ఉన్నోళ్ళు మనుషులే గదా!”

సూరయ్య తల దించుకున్నాడు.

“సరే, నానే ఎల్తాను,” అని కొర్లమ్మ తెప్ప మీద చెయ్యి వేసింది.

ఒడ్డంతా గొల్లుమంది. “వదినా, ముట్టుకోకు! ముండమోసిన చెయ్యి పడితే గంగమ్మ కోప్పడతాది!” అని అరిచాడు సూరయ్య.

కొర్లమ్మ చెయ్యి తియ్యలేదు. “మీ అన్నని గంగమ్మ తీసుకెళ్ళిన నాడు నాను గుమ్మంలో కూకున్నాను. నా చెయ్యి ఏ తెప్ప మీదా నేదు. మరెందుకు తీసుకుపోయింది?”

సూరయ్య పక్కకి జరిగాడు. చేపలు ఎండబెట్టే మరో ఇద్దరు, మొగుళ్ళు పోయినవాళ్ళే, వచ్చి తెప్పకి భుజం పెట్టారు. ముగ్గురూ కలిసి నీళ్ళలోకి తోశారు. కొర్లమ్మ ఒక్కతే ఎక్కింది.

మొదటి కెరటం వెనక్కి నెట్టింది. రెండోది నిలువునా ముంచింది. మూడోది మీదికి లేచేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు బిగించి తెడ్డు వేసింది. తెప్ప అవతలికి దాటింది.

రెక్క మీద ఉన్నది తెల్లవాళ్ళు. ఇద్దరు గాయాలతో పడి ఉన్నారు. మూడోవాడు వాళ్ళకి పెద్ద. ఆ చిన్న తెప్ప అందరినీ మొయ్యదు. అతను ఆ ఇద్దరినీ ఎక్కించి, తను వెనక ఉండిపోయాడు.

కొర్లమ్మ వాళ్ళని ఒడ్డుకి చేర్చి మళ్ళీ తెప్ప తిప్పింది. ఈసారి ఎవరూ వద్దనలేదు. సూరయ్య పరిగెత్తుకొచ్చి రెండో తెడ్డు అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి రెక్క మునిగిపోయింది. పెద్దాయన ఒక్కడే నీళ్ళ మీద తేలుతున్నాడు. కొర్లమ్మ అతని జుట్టు పట్టుకుని పైకి లాగింది.

ఒడ్డున అతను వణుకుతూ సముద్రం వైపు రెండు వేళ్ళు చూపించాడు. ఇంకో ఇద్దరు విమానంతోపాటే పోయారని అందరికీ అర్థమైంది. వాళ్ళ పేర్లు చెప్పి ఏడ్చాడు. కొర్లమ్మ ఆ పేర్లని నోరు తిరిగేదాకా పలికింది. “జాకు. టామసు.” బతికున్నన్నాళ్ళూ మొగుడికి దీపం పెట్టినప్పుడల్లా వాళ్ళిద్దరికీ పెట్టింది.

తర్వాత సిపాయిలు లారీలో వచ్చారు. “ఈ పోటులోకి వెళ్ళిన మొనగాడు ఎవడు?” అని వాళ్ళ దుబాసీ అడిగాడు.

దానయ్య తలపాగా తీశాడు. “మొనగాడు కాదు బాబూ. మా పేట కోడలు కొర్లమ్మ,” అన్నాడు. వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా ఇంకోసారి అన్నాడు.

కొర్లమ్మ ముసలిదై, తన చాప మీదే కన్నుమూసింది. పేట మగవాళ్ళు ఆమెని తెప్ప మీద పడుకోబెట్టి, ఆ తెప్పని భుజాల మీద మోశారు.

ఇప్పుడు తెప్పలు పోయి ఇంజను బోట్లు వచ్చాయి. అయినా ఆ పేటలో కొత్త బోటు నీళ్ళలోకి దిగాలంటే, ముందు మొగుడు పోయిన ఆడది దాని మీద చెయ్యి వెయ్యాలి. ఆమెకి కొత్త చీర పెట్టి పిలుచుకొస్తారు. ఆమె చెయ్యి పడేదాకా కొబ్బరికాయ కొట్టరు. పక్క ఊళ్ళవాళ్ళు “అదేంటి, అపశకునం కాదా?” అంటే, పేటలో పసిపిల్లలు కూడా తల ఎత్తి చెబుతారు:

“మాది కొర్లమ్మ పేట!”